నాయిన దేవునికిచ్చిన డప్పు

మొన్న ఈస్టరుకు ముందు వచ్చే మట్టల ఆదివారం పొద్దున మా మానుకోట గుడి ముందు యువజన సంఘం పిల్లలు ఆటోలోంచి డప్పులు దింపుతున్నారు. ఊరేగింపు మొదలు కావడానికి ఇంకా వ్యవధి ఉంది గనుక ఊరికే నిలబడలేక నేనూ దగ్గరికి వెళ్లి ఒకదాన్ని చేతిలోకి తీసుకున్నాను. తోలు కాదు, ఏదో తెల్లటి ప్లాస్టిక్. వానలో తడిసినా వదులు కాదనీ, మంట మీద కాపే బాధ లేదనీ, చుట్టూ ఉన్న మరలు తిప్పితే చాలుననీ ఆ అబ్బాయి ఎంతో సంబరంగా చెప్పాడు. వింటూనే దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాను, కొత్త బకెట్టు వాసన వచ్చింది. డెబ్బయికి దగ్గరపడ్డ మనిషి, రైల్వేలో గుమస్తాగా చేసి పింఛను తీసుకుంటున్న మనిషి, గుడి ముందు నిలబడి డప్పును వాసన చూస్తుంటే పిల్లలు నవ్వకుండా ఎట్లా ఉంటారు, నవ్వారు. నేనూ నవ్వి దాన్ని తిరిగి ఇచ్చేశాను గానీ, ఆ రోజు ప్రసంగం ఒక్క ముక్క కూడా నా చెవికెక్కలేదు.

నా ఈడువాళ్లకు డప్పు వాసన అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. పచ్చితోలు, చింతగింజల జిగురు, గడ్డిమంట పొగ, పట్టుకున్న మనిషి చెమట, ఇవన్నీ కలిస్తే ఆ వాసన. డోర్నకల్‌కూ కురవికీ నడుమ ఉన్న మా ఊళ్లో మాది డప్పు కొట్టే ఇల్లు. మా తాత కాలంలోనే మా వాడంతా బాప్తిస్మం తీసుకుంది, అయినా ఊరి పని ఊరి పనే. ఆదివారం గుడిలో కీర్తనలు, మిగిలిన రోజుల్లో చావుకు డప్పు, పెళ్లికి డప్పు, బొడ్రాయి పండుగకు డప్పు, సర్కారు చాటింపుకు డప్పు. మా గుడి పాస్టరు గారిని మేమంతా అయ్యగారు అనేవాళ్లం. ఆయనకు ఇదంతా తెలియక కాదు, తెలిస్తే కోప్పడాలి గనుక తెలియనట్టు ఉండేవారు. కురవి వీరభద్రస్వామి జాతరకు బండ్లు కట్టుకుని పోయే కాపుల ముందు కూడా మా నాయినే డప్పు కొడుతూ నడిచేవాడని, ఆ పైవారం గుడిలో అందరికంటే గట్టిగా కీర్తన పాడేవాడని మా చిన్నాయన నవ్వుతూ చెప్పేవాడు.

నాయిన డప్పు కొట్టగా నేను చూసింది తక్కువ. చూశానో, వాళ్లూ వీళ్లూ చెప్పగా నాలో నేను అల్లుకున్నానో కూడా ఇప్పుడు చెప్పలేను. ఎవరి భుజాల మీదో కూర్చుని ఉన్నాను, పొద్దు గూకుతోంది, బర్రెలు ఇంటికి మళ్లే వేళకు లేచే ఎర్రటి దుమ్ములో నాయిన వీపు కనిపిస్తోంది, ఆ వీపు మీద చెమట మెరుస్తోంది. ముందు కడుపులో ఏదో కదిలినట్టయి, ఆ తరువాత చెవికి చప్పుడు వినిపించేది. ఆయన తిరిగినప్పుడల్లా జనం తిరిగేవాళ్లు, ఆయన ఆగినప్పుడు ఊపిరి బిగపట్టేవాళ్లు, మళ్లీ అందుకోగానే ఆడవాళ్లు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్లు. అంతే గుర్తుంది. అది ఏ పెళ్లో, ఎవరి పండుగో అని అవ్వను అడిగితే, అటువంటివి ఎన్నని యాది పెట్టుకుంటామని అనేది. మా అమ్మను మేం అవ్వ అనే పిలిచేవాళ్లం.

నాకు ఆరేళ్లప్పుడు జ్వరం పట్టుకుంది. కషాయాలు అయ్యాయి, నాటువైద్యుడి గుళికలు అయ్యాయి, చివరికి ఎడ్లబండిలో గడ్డి పరిచి దాని మీద నన్ను పడుకోబెట్టి డోర్నకల్ మిషను దవాఖానకు తీసుకుపోయారు. పైన ఆకాశం ఊగుతూ పోవడం నాకు గుర్తు. అవ్వ మంచం పక్కనే కూర్చుని తడిగుడ్డ మార్చుతూ ఉండేది. నాయిన దవాఖానలో కూర్చోలేకపోయేవాడట, అక్కడి వాసనకు కాదు, నా మొహం చూడలేక. లేచి పోయి పెద్ద గుడి అరుగు మీద, ఆ రాతి స్తంభాల నీడలో కూర్చునేవాడట. అక్కడ ఆయన దేవునితో ఏం మాట్లాడాడో ఎవరూ వినలేదు. నా జ్వరం దిగిన తరువాత అవ్వ గుచ్చి గుచ్చి అడిగితే, నాకున్నదాంట్ల మంచిది ఇస్తనని మొక్కినా అని మాత్రం చెప్పాడట. మంచిదంటే మా దగ్గరున్న ఒక్కగానొక్క మేకే అయి ఉంటుందని అవ్వ అనుకుంది. ఆ మేక మీద ఆమెకు ప్రేమ ఉన్నా, నా మీద ఉన్న ప్రేమతో పోల్చుకుని సరేనని ఊరుకుంది.

ఆ యేడు కోత పండుగ వచ్చింది. ఇప్పటి పిల్లలకు కోత పండుగంటే తెలియకపోవచ్చు. పంట చేతికొచ్చాక గుడిలో కృతజ్ఞతార్పణ చేసే ఆ పండుగకు ఎవరి చేనులో పండింది వాళ్లు నెత్తిన పెట్టుకుని వచ్చేవాళ్లు. గుమ్మడికాయలు, జొన్నకంకుల కట్టలు, కాళ్లు కట్టిన కోళ్లు, కొత్త చేటలో మిరపకాయలు, చంకన మేకపిల్ల. బల్ల ముందు నేల కనిపించకుండా అవన్నీ పేర్చేవాళ్లు, ఆరాధన అయ్యాక ఆవరణలో వేలం పాడేవాళ్లు. ప్రార్థన మధ్యలో కోడి కూసినా ఆ రోజు ఎవరూ కోప్పడేవాళ్లు కాదు. మా నాయిన ఆ వరుసలో వచ్చి, చంకలోంచి డప్పు తీసి, గుమ్మడికాయలకూ కోళ్లకూ నడుమ పెట్టి, దాని మీద రెండు పుల్లలూ అడ్డంగా పెట్టి, వెనక్కి తిరిగి వచ్చి తన చోట కూర్చున్నాడు. గుడి అంతా గుసగుసలు.

అయ్యగారు లేచి నిలబడి, ఈ సహోదరుడు అన్యుల వాయిద్యాన్ని, పాపపు పనిని నేటితో విసర్జించాడని, మనమంతా దేవుణ్ణి స్తుతిద్దామని ప్రకటించారు. జనం ఆమెన్ అన్నారు. నాయిన మాత్రం తల ఎత్తలేదట. అది వినయమని అందరూ అనుకున్నారు, నేనూ చాలాకాలం అట్లాగే అనుకున్నాను. ఇక వేలంలో కోళ్లు పోయాయి, గుమ్మడికాయలు పోయాయి, డప్పును మాత్రం పాడేవాడు లేడు. దేవునికిచ్చిన డప్పును కొనుక్కుని పోయి ఎవడు కొడతాడు, ఏ చావుకు కొడతాడు. చివరికి దాన్ని తీసుకుపోయి అయ్యగారు తెల్లంగీ తొడుక్కునే చిన్నగదిలో అటక మీద పడేశారు. కొన్నాళ్లకు ఎలుకలు తోలు కొరికేశాయి.

అప్పటినుంచి ఊరి డప్పు చిన్నాయనది అయింది. మా చిన్నాయన మంచివాడు, కష్టజీవి, కానీ ఆయన డప్పు కొడితే జనం పక్కకు తప్పుకుని దారి ఇచ్చేవాళ్లే గానీ వెంట నడిచేవాళ్లు కాదు. దూరం నుంచి ఆ చప్పుడు వినిపించినప్పుడల్లా అవ్వ చేస్తున్న పని ఆపి, పిండి చెయ్యి అయినా పేడ చెయ్యి అయినా, అరచేతి వెనుకవైపుతో నా నుదురు తాకి చూసేది. వేడి లేదని తేల్చుకుని మళ్లీ పనిలో పడేది. ఆమె నోరు తెరిచి ఏమీ చెప్పలేదు. చెప్పకపోయినా నాకు అర్థమైపోయింది, నాయిన డప్పు ముట్టుకుంటే నా జ్వరం తిరిగి వస్తుందని. కథల్లో మాంత్రికుడి ప్రాణం చిలకలో ఉన్నట్టు నా ప్రాణం ఎలుకలు కొరికిన ఆ డప్పులో ఉందని నమ్ముకుని పెరిగాను. ఎవరికీ చెప్పుకోలేదు, చెప్పుకుంటే నిజమైపోతుందేమోనన్న భయం కూడా ఒకటి.

ఇట్లా ఉండగా అరవైతొమ్మిది వచ్చింది. తెలంగాణ కావాలని ఊళ్లన్నీ లేచిన ఆ యేడు మీలో నా ఈడువాళ్లకు బడి లేని యేడుగా గుర్తుండి ఉంటుంది. నాకు పన్నెండేళ్లు. బడి గోడల మీద బొగ్గుతో రాసిన రాతలు, బడి లోపల గొర్రెలు. మొదట్లో పండుగలా ఉండేది, రానురాను అదీ విసుగే పుట్టించింది. రైళ్లు ఎక్కడెక్కడో ఆగిపోయేవి. మధ్యాహ్నం వేళ డోర్నకల్ వైపునుంచి రావాల్సిన కూత రాకపోతే, ఊరు ఏదో పోగొట్టుకున్న దానిలా చెవులు రిక్కించి కూర్చునేది. ఆ నిశ్శబ్దపు మధ్యాహ్నాలు ఇప్పటికీ నాకు కలలోకి వస్తుంటాయి.

ఒకరోజు పట్టణంలో చదువుకుంటున్న మా పటేలు గారి రెండో కొడుకు, నలుగురు విద్యార్థులను వెంటబెట్టుకుని మా వాడకు వచ్చాడు. వాళ్ల ఇంటివాళ్లు మా వాడ మొగదల నిలబడి పేరు పెట్టి కేకేయడమే గానీ, లోపలికి వచ్చినట్టు ఎవరికీ యాది లేదు. అతను వచ్చి మా నులకమంచం మీద కూర్చున్నాడు, అవ్వ భయపడుతూ ఇచ్చిన నీళ్లు తాగాడు. తాగి, చెంబు కింద పెట్టి, నాయినను అన్నా అని పిలిచాడు. నేను గడప పక్కన నిలబడి ఉన్నాను. ఆ పిలుపు విన్నప్పుడు నాయిన మొహం ఎట్లా అయిందో చెప్పడానికి నాకు ఇప్పటికీ సరైన మాట దొరకదు. ముప్పయ్యారేళ్ల మనిషి ఒక్కసారిగా చిన్నపిల్లవాడిలా కనిపించాడు.

"అన్నా, వచ్చే వారం మానుకోటకు జులూసు. నువ్వు డప్పు పట్టుకొని ముందట నడిస్తె దారిపొడుగునా ఊళ్లన్ని లేచొస్తయ్" అన్నాడు పటేలు కొడుకు.

"నడుస్త పటేలా. గడ్డి మోస్త, డప్పులు కాపుత. కొట్టుడు మాత్రం నా చేతుల లేదు, గది ఇచ్చేసిన."

"ఎవలకిచ్చినవ్?"

"దేవునికి."

అతను నవ్వలేదు, వాదించనూ లేదు, జర ఆలోచన చెయ్యి అన్నా అని లేచి వెళ్లాడు. పోతూ పోతూ మళ్లీ అన్నా అన్నాడు, అదే ప్రమాదమైంది. ఆ వారమంతా నాయిన మనిషి మనిషిలా లేడు. అన్నం ముందు కూర్చుని వేళ్లతో పళ్లెం అంచును పట్టుకునేవాడు, పట్టుకున్న వేళ్లు కదలబోతే పిడికిలి బిగించేవాడు. నేను ఆ పిడికిలినే చూస్తూ అన్నం తినేవాణ్ణి. అవ్వ పొయ్యి దగ్గరినుంచే, ఎటూ చూడకుండా, "పోరడు బతికి బట్టకట్టిండు, గది యాదిల పెట్టుకో" అనేది.

చూసి చూసి అయ్యగారే మా ఇంటికి వచ్చారు. ఆయనది కృష్ణ ఒడ్డున ఎక్కడో ఊరు, మాట పుస్తకం చదివినట్టు ఉండేది. ఆ రోజుల్లో అటువైపు నుంచి వచ్చినవాళ్లు బజారులో నోరు తెరవడానికి జంకేవాళ్లు. ఊరి పిల్లల సంబరాన్ని కాదనడం ఇష్టంలేక వచ్చారో, భయంతో వచ్చారో, నిజంగానే ఆయన మనసు మారిందో నాకు తెలియదు, మనిషి మాత్రం మెత్తనివాడు. డప్పులో పాపమేమీ లేదని, అప్పట్లో తాను కాస్త తొందరపడి మాట్లాడానని, దేవుడు అంత పట్టింపు ఉన్నవాడు కాదని చెప్పి, తాను ప్రార్థన చేసి ఆ మొక్కు నుంచి విడుదల ఇస్తానని అన్నారు. నాయిన చేతులు కట్టుకుని ఎంతో మర్యాదగా విన్నాడు. విని, నేను మీకియ్యలే గదా అయ్యగారూ అన్నాడు. అయ్యగారు అవ్వ చేతి మజ్జిగ తాగి వెళ్లారు.

జులూసు రోజు పొద్దుటినుంచే మబ్బు పట్టి తుంపర పడుతోంది. మా ఊరి డప్పులు, తోవలో కలిసిన ఊళ్ల డప్పులు, వాటి వెనుక జెండాలు, విద్యార్థులు, పంతుళ్లు, కూలికి పోవాల్సిన రోజు పోకుండా వచ్చిన మా వాడ జనం. నాయిన వరిగడ్డి మోపును గోనెపట్టాలో చుట్టి నెత్తిన పెట్టుకుని, అగ్గిపెట్టెను తలగుడ్డలో దోపుకుని అందరికంటే వెనుక నడిచాడు. తడికి తోలు వదులై డప్పు మూగబోయినప్పుడల్లా ఏ చెట్టు కిందో, ఏ కొట్టం చూరు కిందో గడ్డి ముట్టించి, ఒక్కొక్క డప్పునూ మంట మీద తిప్పుతూ కాపి ఇచ్చేవాడు. తోలు బిగిసిందో లేదో చూడడానికి ఎవరైనా వేలితో కొట్టి చూస్తారు. ఆయన మాత్రం చెంప ఆనించి చూసేవాడు. బడిపిల్లల గుంపులో నడుస్తూ నేను అదంతా చూస్తూనే ఉన్నాను. ఆ మంట వెలుగులో, చెంపకు డప్పు ఆనించి కళ్లు మూసుకున్న నాయిన మొహం ఇప్పుడు కూడా నాకు కనిపిస్తుంది. నిద్రపోతున్న బిడ్డ ఒంటివేడి చూస్తున్న మనిషిలా ఉండేవాడు.

మానుకోటలో మైదానం నిండిపోయింది. ఎన్నో ఊళ్ల డప్పులు ఒక్కచోట చేరేసరికి ఎవరి దరువు వాళ్లదై, ఒకటి ఇంకొకదాన్ని మింగేసి, చివరికి ఒట్టి గోల మిగిలింది. చిన్నాయన చెమటలు కక్కుతూ కొడుతున్నాడు గానీ ఎవరికీ అందడం లేదు. జనం అటూ ఇటూ చెదురుతున్నారు, మాట్లాడడానికి లేచిన వాళ్ల మాట వినపడడం లేదు. అప్పుడు పటేలు కొడుకు వెనుకనుంచి వచ్చి తన చేతిలో ఉన్న డప్పును నాయిన భుజానికి తగిలించి, రెండు పుల్లలూ చేతిలో పెట్టి, గట్టిగా, అందరూ వినేట్టుగా, కొట్టే అన్నా అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లంతా ఆ మాటే అందుకున్నారు. మైదానం పక్క బడి అరుగు మీద అయ్యగారు నిలబడి ఉన్నారు, ఆయన కూడా తల ఊపారు.

కుడిచేతిలో చిర్ర అనే పొట్టి పుల్ల, ఎడమచేతిలో సన్నపుల్ల వాటంతట అవే అమరిపోయాయి. ఆరేళ్ల తరువాత కూడా ఆ చేతులు ఏమీ మరచిపోలేదని నాకు అంత దూరం నుంచి కూడా తెలిసింది. నేను నా నుదురు నేనే తాకి చూసుకున్నాను. వేడిగా ఉన్నట్టే అనిపించింది. జనం కాళ్ల మధ్యనుంచి దూరి, తోసుకుని, నాయిన ఎదురుగా పోయి నిలబడ్డాను. ఆయన నన్ను చూశాడు. ఎంతసేపు చూశాడో చెప్పలేను, నాకైతే చాలాసేపు అనిపించింది. అప్పుడు డప్పును భుజం మీదనుంచి తీసి, పుల్లలతో సహా పటేలు కొడుకు చేతికి తిరిగి ఇచ్చి, డప్పుల నడుమకు పోయి, ఒట్టి చేతులను నడుముకు ఆనించుకుని అడుగు వేశాడు.

డప్పు కొట్టేవాడికి దరువు చేతుల్లోనే కాదు, కాళ్లలో కూడా ఉంటుందని మీకు తెలుసు కదా. నాయిన చిందు తొక్కుతున్నాడు. బురదలో ఆయన పాదం పడిన చోటల్లా నీళ్లు చిమ్ముతున్నాయి. చిన్నాయన కాసేపు తెల్లబోయి చూసి, అన్న పాదాల మీదనే కళ్లు పెట్టి, ఆ అడుగుకు తన దరువు కలిపాడు. పక్కవాడు చిన్నాయనతో కలిపాడు, వాడి పక్కవాడు వాడితో. కొద్దిసేపట్లో మైదానం మొత్తానికి ఒక్కటే డప్పు ఉన్నట్టయింది. చెదిరిపోతున్న జనం తిరిగి వచ్చి నిలబడ్డారు. ఆ చప్పుడు చెవికంటే ముందు నా కడుపులోకి వచ్చింది. నా జ్వరం సంగతి, దేవుని సంగతి, అన్నీ మరచిపోయి నేను నోరు తెరుచుకుని నిలబడ్డాను. అంత అందమైనది నేను మళ్లీ చూడలేదు.

తిరిగి వచ్చేటప్పుడు అందరూ నాయినను పొగుడుతూనే ఉన్నారు. ఊరు దగ్గరపడ్డాక మేమిద్దరమే వెనుకబడ్డాం. వాన వెలిసి, మబ్బుల కింద సన్నగా పసుపు వెలుగు పడుతోంది, వరి మడుల్లో కప్పలు మొదలుపెట్టాయి. ఆరేళ్లుగా లోపల దాచుకున్న ప్రశ్న అప్పుడు అడిగాను.

"నువ్వు కొడితే నేను సచ్చిపోతనా, నాయినా?"

నాయిన ఆగిపోయాడు. గోనెపట్టా కింద పడేసి, గొంతుకూర్చుని, నా మొహం తన మొహానికి ఎదురుగా పెట్టుకున్నాడు. "ఎవలు జెప్పిన్రు నీకు గట్లని? దేవుడేమన్న షావుకారా, బాకీ కట్టలేదని గొడ్డును ఇప్పుకపోయినట్టు నిన్ను తీస్కపోను? నువ్వు బతికినవు. గది అయిపోయిన ముచ్చట. రేపు నేను పొద్దందాక కొట్టినా నీకేం గాదు."

మరి కొట్టవచ్చు కదా అన్నాను. ఆయన మడుల వైపు చూసి, "అయ్యగారు నేను చెడ్డదాన్ని ఇడిసిపెట్టిన అనుకున్నడు. చెడ్డదైతే దేవునికెందుకిస్త బిడ్డా? మంచిదని ఇచ్చిన. ఇచ్చినంక మల్ల చెయ్యి సాపుతమా?" అన్నాడు. తరువాత తనలో తాను అనుకున్నట్టుగా, ఇయ్యాల కాళ్లతోని సగం గుంజుకున్న అని కూడా అన్నాడు. అది నాకు అర్థం కాలేదు. నాకు అర్థమైంది ఒక్కటే, నేను చావను. ఆరేళ్ల బరువు దిగిపోయి, ఆ బురదదారిలో గంతులు వేసుకుంటూ ఇంటికి పోయి అవ్వకు చెప్పాను. అవ్వ విని ఏడ్చింది, ఆమె భయం కూడా ఆ సాయంత్రమే తీరిందని తరువాత తెలిసింది. ఆనాటి నుంచి డప్పు మోగినా ఆమె నా నుదురు ముట్టుకోలేదు.

నాయిన ఆ తరువాత జులూసులకు పోయాడు, నినాదాలు ఇచ్చాడు, గడ్డి మోశాడు, ఒకటి రెండుసార్లు లాఠీ దెబ్బలు కూడా తిన్నాడు. చిందు మాత్రం మళ్లీ తొక్కలేదు. భయం పోయిన తరువాత కూడా ఆ మాట ఎందుకు నిలబెట్టుకున్నాడో పన్నెండేళ్లవాడికి ఏం తెలుస్తుంది. నిజానికి భయం పోయాకే అది ఆయన సొంతంగా ఇచ్చినది అయింది. నాకు ఆ సంగతి తెలిసేసరికి తల నెరిసింది.

ఉద్యమం చల్లబడింది. బడి తెరిచారు, గొర్రెలు బయటికి, మేం లోపలికి. పటేలు కొడుకు పట్నంలో ఉద్యోగంలో చేరాడు. కొన్నేళ్లకు జీపులో ఊరికి వచ్చినప్పుడు మా వాడ మొగదల ఆగి, నాయినను పేరు పెట్టి కేకేసి ఏదో పని చెప్పాడు. నాయిన పోయి ఆ పని చేసి వచ్చాడు. అన్నా అనే పిలుపు ఆ యేడాదితోనే వెళ్లిపోయిందని మేం ఎవరమూ పైకి అనుకోలేదు గానీ, ఆ రోజు అవ్వ వంట చేస్తూ గిన్నెలను మామూలుకంటే గట్టిగా పెట్టింది. దేవుని విషయంలో నాయిన నిలబెట్టుకున్న మాట గొప్పదో, నాయిన విషయంలో మనుషులు నిలబెట్టుకోలేకపోయిన మాట చిన్నదో, లెక్కలు చూసుకునే ఉద్యోగంలో అన్నేళ్లు ఉండి కూడా నేను ఎన్నడూ తేల్చలేకపోయాను.

నలభై అయిదేళ్ల తరువాత తెలంగాణ రానే వచ్చింది. బిల్లు పాసైందని తెలిసిన ఆ సాయంత్రం మానుకోట వీధులన్నీ డప్పులే. అవ్వ అప్పటికే లేదు. ఎనభై దాటిన నాయిన మా ఇంట్లోనే ఉండేవాడు, చెవులు దాదాపుగా పోయాయి. కిటికీ పక్కన కుర్చీ వేయించుకుని, ఊచల మీద అరచెయ్యి ఆనించి కూర్చున్నాడు. జనం మా వీధిలోకి రాగానే ఆ ఊచల్లోంచి ఆయనకు తెలిసిపోయింది. మొహం వెలిగింది. నా వైపు తిరిగి, "ఏం దరువురా గది?" అని అడిగాడు.

నాకు తెలియదు. నా చెవులు బాగానే ఉన్నాయి, డప్పులు పది గజాల దూరంలో మోగుతున్నాయి, అది ఏ దరువో నేను చెప్పలేను. చిన్నాయన కొడుకులకు తెలుసు, మనుమలకు తెలుసు, వాళ్లే ఆ గుంపులో ముందు నడుస్తున్నారు. డప్పు కొట్టే ఇంట్లో పెద్దకొడుకుగా పుట్టిన నాకు ఒక్క దరువు పేరు కూడా రాదు. ఎవరు నేర్పుతారు, నేర్పాల్సిన చేతులు నేర్పకముందే తమది ఇచ్చేశాయి. ఏం చేయాలో తోచక, నాకు వినపడుతున్నదాన్ని వినపడినట్టుగా ఆయన వీపు మీద నా అరచేతితో కొట్టి చూపించాను. నాయిన శ్రద్ధగా విన్నాడు, అంటే వీపుతో విన్నాడు. విని, భుజాలు కదిలేలా నవ్వి, "గది దరువు గాదు బిడ్డా, వడ్లు దంచుడు" అన్నాడు. సరిదిద్దడానికి ఆయన వేలు కదలలేదు. నవ్వుతూ అట్లాగే కూర్చున్నాడు, చెంపల మీద నీళ్లు కారుతున్నా తుడుచుకోలేదు. ఆ మరుసటేడు వానాకాలంలో పోయాడు.

ఇప్పుడు మా గుడిలో మొక్కులు ఎక్కువే. ఉద్యోగం వస్తే ఫ్యాను, ప్లాటు అమ్ముడుపోతే మైకు, ప్రతి ఫ్యాను రెక్క మీదా ఇచ్చినవారి పేరు, దాని కింద చల్లగా కూర్చుని మేమంతా వాక్యం వింటాం. ఇచ్చినవాళ్లను నేను తప్పు పట్టను, ఎండాకాలంలో ఆ గాలి నాకూ కావాలి. నా సంగతే తీసుకుంటే, నలభై రోజుల ఉపవాసకాలంలో నేను దేవునికి చక్కెర వదిలేస్తానని మొక్కుకుంటాను, డాక్టరు ఎప్పుడో దాన్ని మాన్పించాడని దేవునికి తెలియదన్నట్టు. మంచిదని దేన్నైనా ఇచ్చానా అని వెతుక్కుంటే చేతికి ఏదీ తగలదు.

ఒక్కోసారి అనిపిస్తుంది, నాయిన ఆ రోజు గుమ్మడికాయల మధ్య పెట్టినదాంట్లో నా వాటా కూడా ఉందని. నన్ను అడగలేదు. ఆరేళ్లవాణ్ణి, ఒళ్లు తెలియని జ్వరంలో ఉన్నవాణ్ణి, ఏమని అడుగుతాడు. నా ప్రాణం నాకు దక్కింది, నా దరువు దేవునికి పోయింది. దాని మీద నాకు కోపం లేదు, దిగులు మాత్రం ఉంది, ఈ వయసులో అది దాచుకోవాల్సిన పని లేదు. పైన దేవుడూ నాయినా ఏం మాట్లాడుకున్నారో గానీ, మాట పూర్తిగా చెల్లిపోయింది గనుక దేవుడు ఇప్పటికైనా ఆ డప్పును నాయిన చేతికి తిరిగి ఇచ్చి ఉంటే బాగుండును. నేను అక్కడికి వెళ్లాక మొదటినుంచి నేర్చుకుంటాను.